అడగకముందే రాసిన జవాబు

నేను రిటైరయ్యేనాటికి బెంచి క్లర్కును. అంటే మేజిస్ట్రేటు గారి బల్లకు కాస్త దిగువన చిన్న బల్ల వేసుకుని కూర్చుని, కేసులు పిలిపించి, కాగితాలు పైకి అందించి, కిందికి వచ్చినవాటిని సర్దుకునే మనిషిని. మొదటిసారి కోర్టుకు వచ్చినవాళ్ళు కొందరు నన్నే జడ్జి అనుకుని దండం పెట్టేవాళ్ళు. చేరిన కొత్తలో నేనూ ఆ దండాలు కాదనలేదు.

ఉదయగిరిలో కొన్నేళ్ళు, ఆత్మకూరులో కొన్నేళ్ళు చేశాను. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊళ్ళో జరిగిందో మాత్రం చెప్పను. రెండు ఊళ్ళలోనూ నాకు బంధువులున్నారు, రెండు చోట్లా పెళ్ళిళ్ళకు పిలుస్తుంటారు. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి కూడా రాయను. అవి మా ఇంటామెకే పట్టలేదు, మీకెందుకు?

కొత్తగా ఆ చిన్న బల్ల దగ్గర కూర్చోబోయే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే ఉంది. దాన్ని నాకు ఒక స్కూలు బస్సు డ్రైవరు నేర్పాడు. అతనికి వకీలు కూడా లేడు.

వారానికో వరస

హత్య కేసులు, ఆస్తి తగాదాలు చూసి చాలామంది కోర్టంటే అదే అనుకుంటారు. మా దగ్గర ఎక్కువమంది వచ్చేది చిన్న కేసులకు. హెల్మెట్ లేదనీ, ఆటోలో ఎక్కువమందిని ఎక్కించాడనీ, లైసెన్సు లేదనీ, ఫోను మాట్లాడుతూ బండి నడిపాడనీ. ఇప్పుడు చలానాలు ఫోన్లోకే వస్తున్నాయి గానీ, అయినా కోర్టు దాకా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. వారంలో ఒక రోజు వాళ్ళందరినీ కోర్టు కానిస్టేబులు వరండాలో వరసగా నిలబెట్టేవాడు.

ఆ వరసలో వకీలును పెట్టుకునేవాళ్ళు దాదాపు ఉండరు. ఎవరి తరఫున వాళ్ళే నిలబడాలి. కానీ నిలబడినవాడికి ఏం మాట్లాడాలో తెలియదు. లోపలికి రాకముందే కానిస్టేబులు చెప్పేసేవాడు: "అడిగితే ఒప్పుకుంటానని చెప్పండి. కట్టేసి పోదురు. లేదంటే ఆర్నెల్లు తిరగతారు, మీ ఇష్టం." బస్సుకు టైమవుతున్నవాడు, కూలి పోగొట్టుకుని వచ్చినవాడు ఇంకేమంటాడు?

మేజిస్ట్రేటు ఒక్కొక్కరికీ ఆరోపణ చదివి వినిపించి, "నేరం ఒప్పుకుంటావా?" అని అడగాలి. అతను చెప్పిన జవాబును ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోవాలి. చట్టం ఇంతే. ఇందులో అర్థంకానిది ఏమీ లేదు.

ఇక నేను చేసిన పని చెబుతాను. మా నాయనకు వింజమూరులో చిల్లర కొట్టు ఉండేది. వాడుకగా వచ్చేవాళ్ళు మెట్టెక్కుతుండగానే ఆయన చెయ్యి వాళ్ళకు కావలసిన డబ్బా మీదికి పోయేది. ఫలానా ఆమె వస్తే కందిపప్పు, ఫలానా ఆయన వస్తే చుట్టల కట్ట. అడగకముందే పొట్లం కట్టి చేతిలో పెడితే జనం మురిసిపోయేవాళ్ళు. ఆ చురుకుదనం నాకూ వచ్చిందని నేను గర్వపడేవాడిని.

నేను చేరిన కొత్తలో ఉన్న మేజిస్ట్రేటు గారు వేగం మనిషి. మంచివాడే, ఒకరిని కసురుకున్నది నేను చూడలేదు. కాకపోతే చిన్న కేసులంటే ఆయనకు ఒళ్ళుమంట. "ఏమయ్యా, టీ టైముకల్లా వరండా ఖాళీ అయిపోవాల" అనేవారు. నేను ఖాళీ చేసి పెట్టేవాడిని. ఎలాగంటే, పొద్దున్నే వచ్చి అందరి కాగితాలూ రాసేసేవాడిని. ప్రశ్న దగ్గర ప్రశ్న, జవాబు దగ్గర "ఒప్పుకుంటున్నాను". వరండాలోనే సంతకాలు, వేలిముద్రలు కూడా అయిపోయేవి. ఆయన బెంచి ఎక్కేసరికి పేర్లు పిలవడమే మిగిలేది. నన్ను చాలా మెచ్చుకున్నారు.

అల్లుడి బదులు మామ

ఒకసారి జలదంకి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన వేలిముద్ర వేసి లోపలికొచ్చాడు. కాగితంలో వయసు ఇరవై నాలుగు. మేజిస్ట్రేటు గారు ఆయన తెల్ల మీసాలు చూసి, "నీకు ఇరవై నాలుగా?" అన్నారు.

"నాకు కాదు సామీ, మా అల్లుడికి. వాడికి నారుమడి పని ఉండాది. ఎవురో ఒకరం వచ్చి కట్టేసి పోతే సరిపోద్ది గదా అని నేనొచ్చినా."

కోర్టంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కరెంటు బిల్లు ఎవరు కడితే ఏముంది, ఇదీ అంతేననుకున్నాడు పాపం. ఇంట్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు రావడం మా వైపు కొత్తేమీ కాదు. నేను వరండాలో "నీ పేరేంది?" అని ఒక్క మాట అడిగి ఉంటే అక్కడే తెలిసిపోయేది.

ఆ రోజే నాకు బుద్ధి రావాలి. రాలేదు. ఆ తర్వాత పేరు మాత్రం అడగడం మొదలుపెట్టాను. మిగతాదంతా మామూలే.

యోహాను మొదటి ప్రశ్న

కొన్నేళ్ళ తర్వాత ఒక మేడం మేజిస్ట్రేటుగా వచ్చారు. చిన్న వయసు. ప్రతి కాగితమూ పూర్తిగా చదివే రకం. ఆమె వచ్చి నెల కూడా కాలేదు, నా పద్ధతి ఇంకా ఆమె దృష్టికి రాలేదు.

ఆ వారం వరసలో పందొమ్మిది మంది. అందులో యోహాను ఒకడు. నలభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు. కుడి దవడ కాస్త ఉబ్బి ఉంది. వింజమూరు వైపు ఒక ప్రైవేటు స్కూలు బస్సుకు పదకొండేళ్ళుగా డ్రైవరు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని బస్సు నడిపాడని కేసు. వరండాలో అందరితోపాటు అతనూ సంతకం పెట్టాడు.

లోపల పేరు పిలిచాను. వచ్చి నిలబడ్డాడు. మేడం కాగితం చూస్తూ, "ఒప్పుకున్నావు కదా?" అన్నారు.

"లేదు మేడం. నేను ఫోను మాట్లాడలే."

మేడం కాగితం తిప్పి చూపించారు. "సంతకం నీదేనా?"

"నాదే మేడం. కోర్టుకొచ్చినట్టు సంతకం అనుకున్నా. చదవనియ్యలే."

మేడం నా వైపు తిరిగారు. "చదివి వినిపించారా?"

నా నోరు నా అనుమతి లేకుండానే అనేసింది: "వినిపించాను మేడం."

దాంతో యోహాను పని అయిపోయినట్టే. మామూలు జరిమానాతో పోయేది కాదు అతనిది. నేరం రుజువైతే లైసెన్సు సస్పెండు చేయమని రాస్తారు. స్కూలు వాళ్ళు ముందే చెప్పేశారు, కేసు తేలేదాకా స్టీరింగు ముట్టుకోవద్దు, తప్పు చేశావని తేలితే ఇక రావద్దు అని. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు తెలిసింది, నేను ఒక అబద్ధం ఆడానని మాత్రమే.

యోహాను నా మీద అరవలేదు. చేతులు కట్టుకుని, నెమ్మదిగా నన్నే అడిగాడు.

"అయ్యా, మీరు పెద్దోళ్ళు. ఎప్పుడు వినిపించినారో ఒక్క మాట చెప్పండి. నేను ఏడ నిలబడి ఉండా అప్పుడు?"

ఎంతమంది వకీళ్ళు ఎంతమంది సాక్షుల్ని నిలదీయడం విన్నానో లెక్కలేదు. సాక్షులు నీళ్ళు నమిలితే లోలోపల నవ్వుకున్నవాణ్ణి. ఇప్పుడు నా వంతు వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"లేదు మేడం" అన్నాను. "వినిపించలేదు. పొద్దున్నే రాసి పెట్టుకున్నాను. ఇతనిదే కాదు, అందరివీ."

మేడం మిగతా కాగితాలు కూడా తిప్పి చూశారు. ఆ తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అడగకముందే జవాబు రాసేటట్టయితే, ఇక నేనెందుకండీ ఇక్కడ కూర్చోవడం?"

పందొమ్మిది కాగితాలూ అడ్డంగా కొట్టేశారు. అప్పటికే జరిమానా కట్టి వరండాలో చెప్పులు వేసుకుంటున్నవాళ్ళను కూడా వెనక్కి పిలిపించారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి, వాళ్ళ భాషలో విషయం చెప్పి, అడిగారు. సాయంత్రమైంది. పందొమ్మిది మందిలో పదహారు మంది ఒప్పుకున్నారు. ముగ్గురు ఒప్పుకోలేదు.

ముగ్గురు. ఆ లెక్క నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అంతకు ముందు ఎన్ని వారాలు, వారానికి ఎంతమంది నా చేతి రాతతో నేరస్తులైపోయారో నాకు తెలియదు. ఇక తెలుసుకునే దారి కూడా లేదు. నాకొక మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను. దానికంటే ఈ తెలియకపోవడమే పెద్ద శిక్ష.

అడగడం వేరు, చెప్పడం వేరు

యోహాను కేసు విచారణకు వచ్చింది. ఉచితంగా వకీలును ఇప్పిస్తామని మేడం చెప్పారు. అతను వద్దన్నాడు.

"ఆ పొద్దు బస్సులో ఉండింది నేను మేడం. వకీలు సార్ ఆడ లేడు గదా. ఆయనకు నేను చెప్పి, ఆయన మీకు చెప్పి... నేనే చెప్తా."

సొంతంగా వాదించుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఒకాయన తాత కాలం నుంచి మొదలుపెడితే, తాత చనిపోయేలోపే కోర్టు టైము అయిపోయేది. ఇంకొకాయన ఎవరో నాయకుడికి ఫోను కలిపి మేజిస్ట్రేటుకు అందించబోయాడు. ఎక్కువమంది చేసే తప్పు మాత్రం ఒకటే. కేసు రాసిన పోలీసాయన ఎదురుగా కనపడగానే పోట్లాటకు దిగుతారు. యోహానూ అదే చేశాడు.

ఆ హెడ్ కానిస్టేబులు నాకు తెలిసినవాడే. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, చెడ్డవాడు కాదు. బోనులో నిలబడి, బస్సు డ్రైవరు కుడి చెవి దగ్గర నల్ల ఫోను పెట్టుకుని మలుపు తిరిగాడని చెప్పాడు. యోహాను లేచాడు.

"నువ్వు అబద్ధం చెప్తా ఉండావు సార్! దేవుడు చూస్తా ఉండాడు!"

"యోహానూ" అన్నారు మేడం. "దేవుడు చూస్తున్నాడులే. నాకు కనపడాలి కదా. ఆయనతో నువ్వు చెప్పొద్దు. అడుగు. ఒక ప్రశ్న అడిగి, ఆయన చెప్పేదాకా ఆగు. రేపు రా, ఏమడగాలో రాసుకుని రా."

మరుసటి రోజు అతను పిల్లల కాపీ పుస్తకంలోంచి చించిన కాగితం తెచ్చుకున్నాడు. నాలుగే ప్రశ్నలు. ఒక్కొక్కటి చదివి, కాగితం కిందికి దించి, జవాబు కోసం ఆగాడు.

"సార్, మీరు నన్ను ఆపినప్పుడు నా దవడ ఎట్టుండింది?"

హెడ్డు గారు ఆలోచించాడు. "వాచి ఉండింది."

"నా పక్కన సీటు మీద ఏముండింది?"

"ఏదో గుడ్డ మూట."

"నల్ల గుడ్డేనా సార్?"

"నల్లదే."

యోహాను కాగితం చూసుకున్నాడు.

"ఆ మూట ఏందిరా అని మీరు చేత్తో పట్టుకున్నారు. పట్టుకోంగానే ఏమన్నారు సార్?"

హెడ్డు గారు మేడం వైపు చూశాడు. తర్వాత నా వైపు. నేను తల దించుకోలేదు. నా అబద్ధం ఆ హాల్లోనే బయటపడిందని ఆయనకు తెలుసు, అప్పుడు ఆయన కూడా వెనక బెంచీ మీదే ఉన్నాడు. ఆయన టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అబ్బా అన్నా" అన్నాడు. "చెయ్యి కాలింది మేడం. ఉప్పు మూట. అప్పుడే వేయించి కట్టినట్టుండాది. నాకు కోపమొచ్చింది. ఫోను జేబులో ఉండింది అతనికి. మరి చెవి కాడ పెట్టింది మూటో ఫోనో, దూరం నుంచి నాకు తెలీలే. కోపంలో రాసేసినా."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. తన తప్పు తానే చెప్పుకోవడం ఎంత కష్టమో అక్కడ నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు. ఆ రోజు నుంచి ఆ హెడ్డు గారంటే నాకు గౌరవం.

పన్ను

జరిగింది ఇది. యోహానుకు పంటి నొప్పి. పిల్లలను దించేసి, బ్రేకులు చూపించడానికి ఖాళీ బస్సును ఆత్మకూరు షెడ్డుకు తీసుకుపోతున్నాడు. పనిలో పనిగా ఆస్పత్రిలో పన్ను పీకించుకుందామనుకున్నాడు. దారిలో నొప్పి ఓర్చుకోలేక ఒక టీ కొట్టు దగ్గర ఆగితే, కొట్టాయన ఉప్పు వేయించి గుడ్డలో కట్టి ఇచ్చాడు. కాపడం పెట్టుకుంటూ మలుపు తిరిగాడు.

"మేడం, ఒక మాట" అన్నాడు యోహాను చివర్లో. "ఒక చేత్తో బస్సు నడిపింది మాత్రం నిజం. అది తప్పే. అది నేను ఒప్పుకుంటా."

తన మీద లేని కేసును తనే తెచ్చి ముందు పెట్టినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. వకీలు ఉండి ఉంటే అతని కాలు తొక్కేవాడు.

"దాని మీద కేసు లేదు" అన్నారు మేడం. "ఇంకోసారి నొప్పొస్తే బస్సు ఆపి పెట్టుకో కాపడం. సరే, ఇంతకీ ఆ పన్ను పీకించుకున్నావా?"

"లేదు మేడం."

"ఎందుకు? ఇన్ని నెలలు!"

"సాక్ష్యం గదా మేడం. పీకేస్తే ఇంక నాకేముండాది చూపించేదానికి? మీరు అడిగితే చూపిద్దామని అట్టే పెట్టినా."

అప్పుడు నవ్వింది కోర్టు. మేడం కూడా ముఖం కాగితాల వెనక పెట్టుకున్నారు. నేను నవ్వలేకపోయాను. మొదటి రోజు నుంచీ అతని దవడ ఉబ్బే ఉంది. వాయిదా వాయిదాకూ నా బల్ల ముందే నిలబడ్డాడు. ఆ నొప్పితో, బస్సు లేక, ఇన్ని నెలలు కూలికి పోతూ బతికాడు. దవడ ఏమైందని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

కేసు కొట్టేశారు. మేడం తీర్పు మీద సంతకం పెట్టి, "ఇప్పుడు నేరుగా ఆస్పత్రికి పో" అన్నారు. నా స్కూటరు మీద నేనే దింపాను. దారంతా అతను దవడ పట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రి గేటు దగ్గర దిగి, "అయ్యా, ఆ పొద్దు మీరు లేదని ఒప్పుకోకపోతే నేను మునిగిపోయుందును" అన్నాడు. ముంచబోయింది నేనేనని అతనికి తట్టనే లేదు. తట్టినా అనే మనిషి కాదు.

ఆ తర్వాతి వారంలోనే మళ్ళీ స్కూలు బస్సు ఎక్కాడు. ఇప్పటికీ నడుపుతున్నాడు. మా ఇంటి ముందు నుంచి పోతే ఒక హారన్ కొడతాడు, రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయని నాకు చూపించి మరీ పోతాడు.

అవతలి వైపు

రిటైరయ్యాక నాకు పెద్దగా దిగుళ్ళు లేవు. పింఛను వస్తోంది, మోకాళ్ళు పనిచేస్తున్నాయి. పొద్దున్నే స్కూటరు మీద వెళ్ళి ఆకుకూరలు తెస్తాను. మొన్నామధ్య అలా తెస్తుంటే, హెల్మెట్ లేదని ఆపారు. నిజంగానే లేదు. ఇంట్లో వంకాయలు పోసి పెట్టింది మా ఇంటామె దాంట్లో.

ఫోన్లో కట్టేస్తే పోయేదానికి కోర్టుకు పోతానన్నాను. "నీకేమన్నా పిచ్చా?" అనింది ఆమె. పిచ్చి కాదు. ఇన్నేళ్ళు ఇవతల కూర్చున్నాను, ఒక్కసారి అవతల నిలబడి చూడాలనిపించింది.

నేను పనిచేసిన రెండు కోర్టుల్లో ఒకటే అది, యోహాను నిలబడిన కోర్టే. వరండాలో వరస. ముందు కొందరు, వెనక కొందరు. నా బల్ల దగ్గర ఇప్పుడు ఒకమ్మాయి పనిచేస్తోంది. చురుకైన పిల్ల. నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేయించబోయింది. వద్దన్నాను. ఒక కాగితం నా ముందు పెట్టింది.

"మీకు తెలీందేముంది సార్, ఒక సంతకం పెట్టేయండి."

కాగితం చూశాను. ప్రశ్న దగ్గర ప్రశ్న. జవాబు దగ్గర, గుండ్రటి అక్షరాలతో, "ఒప్పుకుంటున్నాను".

"ఇట్ట రాయమని నీకెవరు చెప్పినారమ్మా?"

ఆమె సంతోషంగా నవ్వింది. "ఎవరూ చెప్పలేదు సార్. పాత ఫైళ్ళు చూసి నేర్చుకున్నా. మీరు రాసినవే. ఎంత టైము మిగలతా ఉండాదో!"

మేడం కొట్టేసింది ఒక్క రోజు కాగితాలు. అంతకు ముందువన్నీ అలమరాల్లో భద్రంగా ఉన్నాయి, నా చేతి రాతతో పాఠాలు చెబుతూ.

"తల్లీ, నువ్వింకా నన్ను అడగలేదు గదా" అన్నాను. యోహాను సంగతి నాలుగు మాటల్లో చెప్పాను. ఆ అమ్మాయి నవ్వు పోయింది. వరస వైపు చూసింది, చేతిలోని కట్ట వైపు చూసింది. కాగితాలన్నీ వెనక్కి తీసుకుంది.

లోపల నా పేరు పిలిచారు. బోనులో నిలబడ్డాను. ఆరోపణ చదివారు. ఒప్పుకుంటారా అని మేజిస్ట్రేటు గారు నన్ను అడిగారు. ఇంత చిన్న ప్రశ్నకు కూడా గుండె కొట్టుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఒప్పుకుంటున్నానండీ" అన్నాను.

నా తర్వాత ఒక రైతు. వరండాలో నా వెనకే ఉన్నాడు, సంతకానికి పెన్ను మూత తీసి పట్టుకుని. ఆ పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. మేజిస్ట్రేటు గారు ఆరోపణ వినిపించి, ఆయన్ను కూడా అడిగారు.

ఆయన అటూ ఇటూ చూశాడు. నిజంగా తననే అడుగుతున్నారా అన్నట్టు.

"లేదు సార్" అన్నాడు. "ఆ బండి నాది కాదు. అమ్మి రెండేండ్లయింది."

ఆ అమ్మాయి తెల్ల కాగితం ముందుకు లాక్కుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.